మధ్యలో నిలబడేవాడు

చివరి మెట్టు దగ్గర తల వంచాలి. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే మనిషి ఒకే ఏడు కట్టించినవి కాబట్టి ఏ ఇంటి నేలమాళిగలోనైనా దూలం ఒకే ఎత్తున ఉంటుంది. మామూలు మనిషి దాని కింద నుంచి నిటారుగా వెళ్ళిపోతాడు. నెస్టర్ వొలోషిన్ మాత్రం వంగాలి. వంగాడు. టార్చి వెలుగుని గోడవార నడిపించి, పాత సైకిలు వెనక దాక్కున్న నీళ్ళ మీటరుని పట్టుకున్నాడు. గాజు మీది దుమ్ముని బొటనవేలితో తుడిచి, అంకెలు పైకే ఒకసారి చదువుకుని, పుస్తకంలో రాసుకున్నాడు. టార్చి చంకలో ఉంది, పెన్సిలు కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది.

అప్పటికి పద్నాలుగు ఇళ్ళయ్యాయి. తొమ్మిదిన్నర ఇంకా కాలేదు. మిగతా మీటరు మనుషులు రోజంతా తిరిగే వీధుల్ని నెస్టర్ మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించేస్తాడు. అతనికి నిదానంగా నడవడం చేతకాదు. మెట్లు రెండేసి దిగుతాడు, రెండేసి ఎక్కుతాడు. ఎవరైనా మాట్లాడుతుంటే కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, కాలు కాలిన పిల్లిలా ఉంటాడు. పదకొండేళ్ళుగా అతని మరో కొలువు కూడా ఆ కాళ్ళ మీదే నడుస్తోంది మరి. బంతాటలో ముందు వరస భారీ మనుషులు ఎదుటివాళ్ళతో తలపడి తోసుకుంటుంటే, వాళ్ళ వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, బంతి ఎటు వెళ్ళబోతోందో కనిపెట్టి అటు దూకేవాడు లైన్‌బ్యాకర్. అక్కడ కాళ్ళు ఆగితే పని అయిపోయినట్టే.

కెనడాలోని ఆ ఊళ్ళో, రెజీనాలో, ఆటగాళ్ళకి ఆట ఒక్కటే బతుకుతెరువు కాదు. ఒకడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఒకడు ట్రాక్టర్లు అమ్ముతాడు, ఒకడు తండ్రి పొలం దున్నుతాడు. పొద్దున ఎవరి పని వాళ్ళు చేసుకుని సాయంత్రం నాలుగింటికి స్టేడియంలో కలుస్తారు. నెస్టర్‌ది నగరపాలక నీళ్ళ శాఖ. దానివల్ల ఊళ్ళో ప్రతి ఇంటి నేలమాళిగా అతనికి తెలుసు. ఒక ఇబ్బంది కూడా ఉంది. ప్రతి ఇంటివాళ్ళకీ అతను తెలుసు.

పైకి వచ్చేసరికి వంటింట్లో ముసలాయన కాఫీ కప్పు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. ఊళ్ళో అందరిలాగే ఆయనా అతన్ని ఆట చొక్కా మీది నంబరుతోనే పిలుస్తాడు.

"ఏమయ్యా నలభై ఏడూ, మొన్న ఆదివారం ఆ ఎర్రజుట్టు కుర్రాడు నీ చంకలోంచి దూరిపోయాడు! పట్టుకుంటావనుకుంటే దారిచ్చావేంటి?"

"తలుపు తీసి పంపించానండీ. మర్యాద కదా."

"మా ఆవిడైనా పట్టేసుండేది వాణ్ణి."

"అయితే ఆవిణ్ణి పంపించండి. నేనిక్కడ కూర్చుని మీకు గుడ్లు వేయించి పెడతాను."

లోపలి గదిలోంచి ముసలావిడ నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు గాని, నెస్టర్ గుమ్మం దాటుతుంటే వెనక నుంచి గొంతు మార్చి, "ఈ ఆదివారం విన్నిపెగ్‌ వాళ్ళు, నాయనా. వాళ్ళ చేతిలో మాత్రం ఓడకండి. చచ్చేలోపు ఇంకెన్ని చూస్తానో ఏమో," అన్నాడు.

"చూస్తారు," అని నెస్టర్ మెట్లు దిగిపోయాడు.

బయట గాలి. ఆగస్టు చివర్లో ఆ మైదానాల గాలికి ఒక రకమైన ఎండుగడ్డి వాసన ఉంటుంది. ఊరి చుట్టూ గోధుమ కోతలు మొదలైతే ఆ పొట్టు వీధుల దాకా కొట్టుకొస్తుంది. నెస్టర్ ఎడమచెయ్యి జేబులోంచి తీసి విదిలించాడు. మళ్ళీ విదిలించాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు జులై నుంచే మొద్దుబారి ఉన్నాయి. వారం నుంచి మిగతా మూడూ వాటితో కలిశాయి. ఎర్రజుట్టువాడి చొక్కా ఆదివారం ఆ చేతికి చిక్కింది. గుప్పిట మూసుకోమని నెస్టర్ చెప్పాడు, చెయ్యి వినలేదు. ఆ సంగతి ముసలాయనకి తెలియదు, పేపరు వాళ్ళకి తెలియదు, జట్టులో ఎవరికీ తెలియదు. వయసు మీదపడి ఒక్క అడుగు ఆలస్యమయ్యాడని అందరూ అనుకున్నారు. అలా అనుకోవడమే నెస్టర్‌కి నయంగా ఉంది. ముప్ఫై మూడేళ్ళవాణ్ణి అడుగు ఆలస్యమైందని వెంటనే తీసెయ్యరు. చెయ్యి చచ్చిందంటే తీసేస్తారు.

పదిహేనో ఇల్లు తలుపు తీసిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. జుట్టు సగం జడేసుకుని సగం వదిలేసి ఉంది, చంకలో నాలుగు నెలల పాప.

"అయ్యో, మీటరా? ఇవాళేనా? కింద అంతా చెత్తగా ఉందండీ. రండి రండి."

కింద నిజంగానే చెత్తగా ఉంది. ఊరగాయ సీసాల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, సరిగ్గా మీటరుకి అడ్డంగా. నెస్టర్ వాటిని తీయబోతే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"వద్దొద్దు, అవి మా అత్తగారివి, ఒక్కటి పగిలినా నన్ను బతకనివ్వదు. నేను జరుపుతాను. మీరు దీన్నొక్క నిమిషం పట్టుకోండి."

అని, అతను ఔనని గాని కాదని గాని అనేలోపు, పాపని అతని చేతుల్లో పెట్టేసింది.

నెస్టర్ కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. దాన్ని ఎలా ఎత్తుకునేవాడో శరీరం మర్చిపోలేదు. తల మోచేతి మడతలో, వీపు ముంజేతి మీద, అరచెయ్యి కింద పట్టు. ఎడమవైపు. ఎప్పుడూ ఎడమవైపే. అలాగే పెట్టుకున్నాడు. పాప అతని గడ్డం వంక చూసింది. పాల వాసన, సబ్బు వాసన వేశాయి. అతను నవ్వాడు. అలవాటుగా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగాడు. సరిగ్గా అప్పుడు పాప కాళ్ళు తన్ని వెనక్కి విరుచుకుంది.

చెయ్యి పట్టుకోలేదు.

జారుతున్నట్టు అతనికి తెలియలేదు కూడా. చేతికి కాదు, కళ్ళకి తెలిసింది. తెల్ల గుడ్డ ముంజేతి మీంచి కిందికి వెళ్ళిపోతోంది. కుడి మోకాలు దానంతట అదే పైకి లేచింది, కుడిచెయ్యి అడుగు నుంచి వచ్చింది. మోకాలికీ అరచేతికీ మధ్య పాప ఆగింది, సిమెంటు నేలకి రెండు జానల ఎత్తున. టార్చి ఎటో దొర్లిపోయింది.

"ఏంటా చప్పుడు?" అంది తల్లి, పెట్టెల వెనక నుంచి.

"టార్చి. టార్చి పడిందండీ."

పాప ఏడవలేదు. ఒకసారి వెక్కి, అతని చొక్కా గుండీ పట్టుకుంది. తల్లి మోచేతులు దులుపుకుంటూ వచ్చి, అతను గోడకి ఆనుకుని, కుడిచేత్తో పాపని గుండెకి అదుముకుని నిలబడి ఉండటం చూసి మురిసిపోయింది.

"చూశారా, మీ దగ్గర ఎంత బుద్ధిగా ఉందో! మావారి దగ్గరైతే కేకలే. ఆగండి, మీరు ఆ నలభై ఏడు కదూ? రాత్రికి మావారికి చెప్పాలి, వొలోషిన్ మన పాపని ఎత్తుకున్నాడని."

నెస్టర్ పాపని ఇచ్చేశాడు. టార్చి ఏరుకున్నాడు. థాంక్సో ఏదో అన్నాడు. వీధి చివరికి వచ్చాక గాని, ఆ ఇంటి అంకెలు రాయలేదని గుర్తుకురాలేదు. వెనక్కి వెళ్ళలేకపోయాడు. ఆ గడి ఖాళీగా వదిలేసి, మిగిలిన ఇరవై రెండు ఇళ్ళూ ఎవరో తరుముతున్నట్టు తిరిగేశాడు. మెట్లు దిగడం, తల వంచడం, దుమ్ము తుడవడం, రాయడం, ఎక్కడం. ఎవరు ఏమన్నారో, తను ఏం జవాబు చెప్పాడో తెలియదు. ప్రతి నేలమాళిగలోనూ ఆ సిమెంటు నేలే కనిపించింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి భార్య ల్యూబా అప్పుడే వచ్చింది. ఆమె బట్టల కొట్లో పనిచేస్తుంది, గుడ్డ కొలిచి కత్తిరించి ఇవ్వడం. భోజనానికి అరగంట వదులుతారు. కూతురు సెలవులకి కానోరాలో అమ్మమ్మ దగ్గరుంది. క్యాబేజీ ఆకుల్లో అన్నమూ మాంసమూ చుట్టి ఉడికించిన హలుప్సీలు నిన్నటివి పొయ్యి మీద వెచ్చబడుతున్నాయి. నెస్టర్ పళ్ళెం పట్టుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టి, ఫోర్కుతో ఒకటి తిని, తలుపు దాకా నడిచి, వెనక్కి వచ్చి ఇంకొకటి తిన్నాడు.

"కూర్చో, నెస్టర్. నిలబడి తినేవి గుర్రాలు."

"కూర్చుంటే నడుం పట్టేస్తుంది."

"నడుమా?" అంది ల్యూబా. ఆమె తినడం ఆపింది. "ఆ చెయ్యి ఎప్పట్నుంచి అలా ఉంది?"

"ఏ చెయ్యి?"

"నాకున్నవి రెండు కళ్ళు, నీకున్నవి రెండు చేతులు. ఇంతకంటే విడమరిచి అడగడం నాకు రాదు. రాత్రి మూడుసార్లు లేచి విదిలించుకున్నావు. పొద్దున బూట్ల తాడు పళ్ళతో లాగావు."

"దెబ్బ తగిలింది. తగ్గుతుంది. ఇంకెన్ని ఆటలున్నాయి, తొమ్మిదేగా."

"ప్రతి ఏడూ ఇంకా కొన్నేగా అంటావు. మొదటి ఏడు కూడా అదే అన్నావు."

అతను మళ్ళీ తలుపు దాకా వెళ్ళి వచ్చాడు. ల్యూబా లేచి పళ్ళెం కడిగి బోర్లించింది. కోటు తొడుక్కుంటూ, "నేను ఆపమనడం లేదు. నేనంటే నువ్వు ఆపవు, ఆపినా నన్ను జన్మంతా క్షమించవు. నాకు మాత్రం అబద్ధం చెప్పకు, అంతే," అని వెళ్ళిపోయింది. పాప సంగతి ఆమెకి చెప్పడానికి అతను నోరు తెరిచాడు. అప్పటికే తలుపు మూసుకుంది.

నెస్టర్ తండ్రి రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్. కొడుకు బంతాట జట్టులో చేరాడని విన్నప్పుడు, "దెబ్బలు తిన్నందుకు జీతమిచ్చేవాళ్ళు కూడా ఉంటారా? మాకు ఊరికే తగులుతాయి," అన్నాడు. జీవితంలో ఒక్కసారి ఆట చూడటానికి వచ్చి, ఇంటి దగ్గర పంది ఈనబోతోందని సగంలోనే బస్సెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కొడుకుతో ఆయన అన్నది ఒక్కటే మాట. "అందరికంటే ఎక్కువ పరిగెత్తావురా. బంతి మాత్రం ఒక్కడూ నీకివ్వలేదు."

పదకొండేళ్ళ కథంతా ఆ మాటలో ఉంది. మొదటి ఏడు హ్యామిల్టన్ జట్టు తీసుకుని నెలన్నరకి వదిలేసింది. తిరిగొచ్చి రెజీనాలో చేరాడు. రెండు సీజన్లు మధ్యస్థానంలో, అంటే ఎదుటివాళ్ళ ఎత్తు కనిపెట్టి మిగతావాళ్ళకి అరిచి చెప్పే లైన్‌బ్యాకర్ చోట, ఆడాడు. తర్వాత అమెరికా నుంచి పెద్ద కాలేజీల్లో ఆడినవాళ్ళు వచ్చారు. జట్టులో ఇంతమంది ఇక్కడివాళ్ళే ఉండి తీరాలన్న నిబంధన ఒకటుంది. ఆ నిబంధన నెస్టర్‌ని జట్టులో ఉంచింది గాని మధ్యలో నిలబెట్టలేదు. బంతి తన్నినప్పుడల్లా మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి, దాన్ని అందుకున్నవాణ్ణి పడగొట్టడం అతని పనయింది. ఎవరూ ఇష్టపడని పని. దానికోసం రోజూ సాధన చేశాడు, చలికాలం కూడా, మంచులో.

ఒక్కసారి అతనికి బంతి దక్కింది. ఆరేళ్ళ క్రితం, ఎదుటివాళ్ళు విసిరిన బంతిని గాల్లో అందుకుని అరవై గజాలు పరిగెత్తి గీత దాటాడు. స్టేడియం లేచి నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే గడ్డి మీద, తప్పు జరిగిందని రిఫరీ విసిరే నారింజ రంగు గుడ్డ పడి ఉంది. తనవాడెవడో దూరాన ఎవరినో పట్టి లాగాడు. ఆ పరుగు లెక్కలోకి రాలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ల్యూబా మాత్రం ఆ రోజు ఏడ్చింది, నెస్టర్ ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే మీటర్లు చదవడానికి వెళ్ళాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు స్టేడియంలో ఆటగాళ్ళు మైదానంలోకి వెళ్ళే సొరంగం దగ్గర కోచ్ మెరిల్ స్టోక్స్ అతని కోసం నిలబడి ఉన్నాడు. తన కోసమే అని నెస్టర్‌కి దూరం నుంచే తెలిసింది. కోచ్ ఎవరి కోసమైనా అలా నిలబడ్డాడంటే సామాను సర్దుకోమని చెప్పడానికేనని జట్టంతా ఎరుగుదురు. చెప్పేసింది ల్యూబా ఎవరికో, లేదా జట్టుకి కట్లు కట్టే గస్ కనిపెట్టేశాడు, లేదా ఆదివారం ఆట ఫిల్ము మళ్ళీ చూశారు. ఒక్కో అడుగుకి ఒక్కో కారణం తట్టింది.

"టిల్‌మన్ మోకాలు పోయింది," అన్నాడు స్టోక్స్, మధ్యలో ఆడే అమెరికావాడి గురించి. "పొద్దున వాచిపోయి కనిపించింది. ఈ ఏడుకి అంతే."

"అయ్యో."

"ఆదివారం మధ్యలో నువ్వు. పిలుపులన్నీ నీవే. చెయ్యగలవా?"

నెస్టర్ కాళ్ళు కదలడం మానేశాయి. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ మధ్యలో. పైగా విన్నిపెగ్‌తో ఆట. ఊరు ఊరంతా, చుట్టుపక్కల పల్లెల్లో కోతలు ఆపుకుని వచ్చేవాళ్ళతో సహా, ఏడాదంతా ఎదురుచూసే ఆట.

"చెయ్యగలను," అన్నాడు.

"నాకు తెలుసు. పదకొండేళ్ళుగా నువ్వు అందరి పనీ నేర్చుకుంటున్నావు. నేను చూడలేదనుకున్నావా?"

ఆ మాట వినకుండా ఉంటే బావుండేదని తర్వాత నెస్టర్‌కి అనిపించింది.

ఆ సాయంత్రం ఆడినట్టు అతను ఎన్నడూ ఆడలేదు. మధ్యలో నిలబడగానే మైదానం మొత్తం అరచేతిలో గీతల్లా కనబడింది. ఎదుటి వరసలో ఎడమ పక్కవాడు మడమ మీద బరువు వేశాడు, అంటే వెనక్కి వస్తాడు, అంటే బంతి విసురుతారు. "విసురు! విసురు!" అని అరిచాడు. విసిరారు. ఇంకోసారి కుడివైపు వాడి వేలి కణుపులు నేల మీద తెల్లబడ్డాయి. "కుడికి పరుగు!" పరుగే. పక్కనున్నవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం ఆపి, అతను అరిచిన వైపు దూకడం మొదలుపెట్టారు. "ముసలోడికి దెయ్యం పట్టిందిరా," అన్నాడొకడు. "వదిలించకండి, ఆదివారం దాకా ఉండనివ్వండి," అన్నాడింకొకడు. గాలి పశ్చిమం నుంచి కొడుతోంది. స్టోక్స్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అతను అలా చూస్తున్నాడంటే సంతోషించాడన్నమాట.

చివరి పావుగంటలో బంతి పట్టుకుని పరిగెత్తే డిక్సన్‌కి బంతి ఇచ్చారు. సగం బలంతో ఆడమన్నారు. సగం బలమంటే ఎంతో డిక్సన్‌కి ఎప్పుడూ తెలియదు. సందులోంచి తల వంచుకుని వచ్చాడు. నెస్టర్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు, ఒక్క అడుగు కూడా ఆలస్యం కాలేదు. భుజం భుజానికి తగిలింది. మెడ పక్కన కొరడాతో కొట్టినట్టయింది.

తర్వాత ఏమీ లేదు.

బోర్లా పడ్డాడు. కళ్ళ ముందు గడ్డి ఉంది. గడ్డి మీద రెండు చేతులున్నాయి. ఎవరివో. ఎడమది ఎలాగూ తనది కాదు. కుడిదాన్ని కదలమన్నాడు. అది కూడా కదల్లేదు. కాళ్ళ సంగతి అడగడానికి ధైర్యం చాలలేదు.

"నిద్రపోయాడు. దుప్పటి కప్పండ్రా," అని ఎవరో అన్నారు.

నవ్వులు. నెస్టర్ గడ్డిని చూస్తూ లెక్కపెట్టాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదకొండు దగ్గర కుడి అరచేతిలో చీమలు పాకినట్టయింది, ఆ చీమలు నిప్పులయ్యాయి. వేళ్ళు ముడుచుకున్నాయి. కాళ్ళు ఉన్నాయి. లేచాడు.

"దుప్పటి నీ దగ్గరే ఉంచుకో, డిక్సన్‌కి కావాలి," అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. ఇంకో ఐదుసార్లు బంతి ఎటు వెళ్తుందో అరిచి చెప్పాడు. ఐదూ సరిగ్గానే పిలిచాడు.

ఆటగాళ్ళ దెబ్బలు, బెణుకులు చూసే గస్ పాలిస్టర్‌ది సొరంగం పక్కన చిన్న గది. ఒక బల్ల, ఒక దీపం, ఎప్పుడూ పుదీనా నూనె వాసన. గస్‌కి అరవై దాటాయి. నెస్టర్ కంటే ముందు నుంచి ఉన్నాడు. స్నానాలు చేసి అందరూ వెళ్ళిపోయాక నెస్టర్ ఆఖర్న వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఆదివారం దెబ్బ అని చెప్పి రోజూ ఎడమ మణికట్టుకి తెల్ల పట్టీ వేయించుకుంటున్నాడు. అరచేతి మీదుగా, బొటనవేలి చుట్టూ తిప్పి, గట్టిగా. గస్ కత్తెర తీసుకుని మణికట్టు లోపలివైపు నుంచి కత్తిరించడం మొదలుపెట్టాడు.

"ఇవాళ నిన్ను చూశా కిటికీలోంచి. ఎక్కడ దాచావయ్యా ఇదంతా ఇన్నేళ్ళూ?"

"నన్నెవరడిగారు?"

గస్ నవ్వాడు. కత్తెర సాగింది. ఆగింది. పట్టీ అంచున ఎర్రటి చుక్క ఒకటి వచ్చి, పెద్దదై, నెస్టర్ తొడ మీద పడింది. గస్ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. కత్తెర మొనకి చర్మం నొక్కుకుని అంగుళం మేర తెగింది. తల ఎత్తి నెస్టర్ మొహం చూశాడు. నెస్టర్ గోడ మీది గడియారం వంక చూస్తున్నాడు.

"నొప్పి పుట్టలేదా?" అన్నాడు గస్.

నెస్టర్ కిందికి చూశాడు. రక్తం చూశాడు.

గస్ లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు కత్తెరని గుడ్డతో తుడిచాడు.

"అబ్బాయ్, నేను చెప్పేది విను. నువ్వు చెప్పావంటే నేను విన్నట్టు. విన్నానంటే పైన స్టోక్స్‌కి చెప్పి తీరాలి, నా పనే అది. ఇప్పుడు నువ్వు లేచి వెళ్ళిపోతే నేనేమీ వినలేదు. చేతికి గుడ్డ కట్టి పంపిస్తాను. ఆదివారం నువ్వు మధ్యలో నిలబడతావు. నా వైపు చూడకు, నేనేమీ అనను. నువ్వే చూసుకో."

బయట నీళ్ళు చిమ్మే గొట్టం తిరుగుతున్న చప్పుడు. స్టేడియంలో గడ్డి తడుపుతున్నారు. నెస్టర్‌కి పిలుపులు ఇంకా నోట్లోనే ఉన్నాయి. ఎడమకి పరుగు, విసురు, కుడికి. ఒక్క ఆదివారం. ఒక్కటంటే ఒక్కటి. తర్వాత ఏమైనా ఫరవాలేదు. అంతమంది మధ్య తను నిలబడి చెయ్యెత్తితే పదకొండుమంది అటు తిరుగుతారు. ఒక్కసారైనా. పొద్దుటి పాప కళ్ళ ముందుకి వచ్చింది, తెల్ల గుడ్డ కిందికి వెళ్ళిపోవడం వచ్చింది. తనకి తెలియకుండానే జారిపోవడం. ఆదివారం జారబోయేది ఏదైనా, దాన్ని పట్టుకోవడానికి ఈసారి మోకాలు కూడా ఉండదు.

"పొద్దున ఒక పసిపాపని జారవిడిచాను, గస్," అన్నాడు.

అక్కడ మొదలుపెట్టాక అన్నీ చెప్పాడు. జులై, రాత్రుళ్ళు, ఎర్రజుట్టువాడు, ఇందాక గడ్డి మీద పదకొండు దాకా లెక్కపెట్టడం. గస్ వింటూనే తెగినచోట మందు రాసి చిన్న గుడ్డ అంటించాడు. నెస్టర్ ఆపాక ఆ చేతిని రెండు చేతుల మధ్య కాసేపు ఉంచుకుని, "నీ చెయ్యి నాకు తెలుస్తోంది, నా చెయ్యి నీకు తెలియడం లేదు, అవునా?" అన్నాడు.

"అవును."

గస్ పైకి వెళ్ళాడు. ఐదు నిమిషాలకి స్టోక్స్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. అరవలేదు.

"పొద్దున ఎనిమిదింటికి డాక్టరు దగ్గరికి. గస్ వస్తాడు నీతో."

"మరి ఆదివారం మధ్యలో ఎవరు?"

"ఎవరో ఒకరు," అన్నాడు స్టోక్స్. వెళ్ళబోయి ఆగాడు. "ఇందాకటిలాంటి సాధన నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. అది నీకు చెప్పాలనిపించింది."

నెస్టర్ తల ఊపాడు. బల్ల దిగి, చొక్కా కుడిచేత్తో తొడుక్కుని, గుండీలు రెండు పెట్టుకుని మిగతావి వదిలేశాడు. రేపు కలుద్దామని గస్‌తో అన్నాడు, రోజూ అన్నట్టే. వెనక ద్వారం గుండా బయటికి వెళ్ళిపోయాడు.

గురువారాలు బట్టల కొట్టు ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. ల్యూబా ఎవరికో కర్టెను గుడ్డ కొలుస్తూ తల ఎత్తేసరికి, ఎత్తుగా చుట్టలు చుట్టి నిలబెట్టిన గుడ్డ తానుల మధ్య భర్త నిలబడి ఉన్నాడు. చొక్కాకి సగం గుండీలు పెట్టుకోలేదు. పెళ్ళయ్యాక అతనెప్పుడూ ఆ కొట్టుకి రాలేదు. వచ్చినావిణ్ణి ఒక్క నిమిషం ఆగమని ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చింది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

ఆమె కొలబద్ద ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మూలనున్న కుర్చీ లాగింది. "నాకింకా ముప్పావుగంట పనుంది. కూర్చో."

నెస్టర్ కూర్చున్నాడు. ఆ ముప్పావుగంటా ఒక్కసారి కూడా లేవకుండా, ఆమె గుడ్డలు కత్తిరించడం చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు డాక్టరు మెడ ఎక్స్‌రే దీపానికి అడ్డంగా పెట్టి చూసి, ఇంకొక్క దెబ్బ తగిలుంటే కుర్చీలోంచి లేవడం ఉండేది కాదన్నాడు. అతను ఇక ఆడడని శనివారం పేపర్లో మూడు లైన్లు వచ్చాయి, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో. సోమవారం పండగ సెలవు. మంగళవారం నెస్టర్ మీటర్లు చదవడానికి వెళ్ళాడు. వెళ్ళగానే ముందు పదిహేనో ఇంటి తలుపు తట్టి, మొన్న అంకెలు రాయడం మర్చిపోయానని చెప్పి, కిందికి దిగి రాసుకొచ్చాడు. పాపని మాత్రం ఎత్తుకోలేదు.

కాని ఆ గురువారం సాయంత్రం, అతను వెళ్ళిపోయాక, గస్ తన గది సర్దడానికి మళ్ళీ వచ్చాడు. సీసాలకి మూతలు పెట్టాడు, కత్తెర కడిగాడు, నేల ఊడ్చాడు. దీపం ఆర్పబోతూ బల్ల వైపు చూశాడు. పొడుగునా కత్తిరించి విప్పిన తెల్ల పట్టీ బల్ల అంచున పడి ఉంది. లోపలి అంచున ఎండిన రక్తపు మరక, బొటనవేలు దూరే గుండ్రటి ఖాళీ, మణికట్టు దగ్గర సన్నబడి అరచేతి దగ్గర వెడల్పై, చేతి ఆకారంలోనే గట్టిపడిపోయి, ఎవరో ఇప్పుడే అందులోంచి చెయ్యి తీసుకున్నట్టు.